బాణం ఎటు పోతే పిన్ను అటే!

ఆదోని కొండ మీది కోట గోడల వెంట మీరెప్పుడైనా నడిచారా? విజయనగర రాజుల నాటి కోట అది. ఆ రోజుల్లో అక్కడ కాపలా కాసిన విలుకాడి వింటికి గురి చూపే పరికరమంటూ ఏదీ ఉండేది కాదు. బాణపు మొనే అతనికి గుర్తు, ఏళ్ల తరబడి చేసిన సాధనే కొలబద్ద. ఎంత దూరానికి వింటిని ఎంత పైకెత్తాలో చెయ్యే చెప్పేది.

ఈనాడు ఒలింపిక్ పోటీల్లో వాడే రికర్వ్ వింటికి ‘సైటు’ అనే చిన్న సాధనం ఉంటుంది. ఏళ్ల సాధనతో చేయి నేర్చుకొనే పాఠాన్ని అది కొన్ని అంకెలుగా మార్చి మన నోటుపుస్తకంలో పెడుతుంది. అయితే దానిని సరిగా బిగించాలి, సరిగా సరిచేయాలి. లేకపోతే ఎంత మంచి విలుకాడి బాణమైనా పక్కకే పోతుంది. తప్పు సైటుదైతే, పాపం, తనకు విలువిద్య రాదని ఆ పిల్లవాడు అనుకొంటాడు!

ముందుగా మీకొక ప్రశ్న. సైటులోని పిన్నును లక్ష్యం నడిమధ్య ఉన్న పసుపు వలయం మీద నిలిపి బాణం వదిలారు. బాణాలన్నీ ఎడమ పక్కన గుచ్చుకొన్నాయి. ఇప్పుడు పిన్నును ఎటు జరపాలి? కుడికా, ఎడమకా? జవాబు మనసులో అనుకొని ముందుకు చదవండి.

ఒంటికన్ను సైటు

‘రికర్వ్’ అంటే తిరిగి వంగినది. ఈ వింటి రెండు కొసలూ విలుకాడికి ఎదుటి వైపుకు వంపు తిరిగి ఉంటాయి. చేత్తో పట్టుకొనే మధ్య భాగాన్ని రైజర్ అంటారు. దానికి పైనా కిందా ఉండే రెండు రెక్కలు లింబులు. రైజర్ పక్కన మరలు బిగించేందుకు రంధ్రాలుంటాయి. సైటును బిగించేది అక్కడే. రైజర్ నుంచి ముందుకు చాచిన ఒక కమ్మీ, దాని చివర నిలువుగా ఒక పట్టీ, ఆ పట్టీ మీద పైకీ కిందికీ జరిగే ఒక చిన్న ఉంగరం, ఉంగరంలో ఒక పిన్ను లేదా చుక్క – ఇంతే సైటు. పట్టీ మీద స్కేలు మాదిరి గీతలుంటాయి. పిన్నును కుడి ఎడమలకు జరిపే మర వేరుగా ఉంటుంది.

మీలో ఎన్.సి.సి.లో చేరినవారు రైఫిలు చూసే ఉంటారు. దానికి ముందొక గురి, వెనకొక గురి ఉంటాయి. రెండు బిందువులుంటేనే కదా ఒక సరళరేఖ గీయగలం! రికర్వ్ వింటికి ముందు గురి మాత్రమే ఉంటుంది. పోటీ నియమాల ప్రకారం ఒకే ఒక గురి బిందువు ఉండాలి. కటకం ఉండకూడదు, మట్టం చూపే బుడగ ఉండకూడదు. మన ఆంధ్రప్రదేశ్ క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లు వేరు. దాని సైటుకు కటకమూ మట్టమూ కూడా ఉండవచ్చు.

మరి రికర్వ్ వింటికి వెనక గురి ఏది? మీ గడ్డమే! నారిని లాగి చేతిని ప్రతిసారీ గడ్డం కింద ఒకే చోట ఆనించాలి. అప్పుడు కంటికి దగ్గరగా నారి మసక గీతలా కనిపిస్తుంది. ఆ మసక గీత ప్రతిసారీ పిన్నుకు ఒకే పక్కన, అంతే ఎడంగా కనిపించాలి. గడ్డం కింద చేయి అర సెంటీమీటరు జారినా వెనక గురి జరిగినట్లే.

చూపు గీత, బాణం గీత

సైటులోని కిటుకంతా రెండు గీతల్లో ఉంది. మీ కంటి నుంచి పిన్ను మీదుగా లక్ష్యానికి పోయేది చూపు గీత. అది తిన్నగా ఉంటుంది. బాణం పోయే దారి తిన్నగా ఉండదు. వింటిని విడిచిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతూ ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. 50 మీటర్ల దూరం చేరడానికి దానికి ఒక సెకను పడుతుంది. ఆ ఒక్క సెకనులో ఏ వస్తువైనా భూమ్యాకర్షణ వల్ల 4.9 మీటర్లు దిగుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. అంటే లక్ష్యానికి తిన్నగా వేసిన బాణం ఒక మిద్దె ఎత్తుకంటే ఎక్కువే కిందికి పోతుందన్నమాట! 30 మీటర్ల దూరానికైతే 0.6 సెకను చాలు. అప్పుడు దిగేది సుమారు 1.8 మీటర్లు. గాలి నిరోధాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

కాబట్టి దూరం పెరిగేకొద్దీ బాణపు మొనను ఇంకా పైకెత్తాలి. కాని మీ కన్ను లక్ష్యాన్ని వదలకూడదు. ఎలా? పిన్నును పట్టీ మీద కిందికి దించండి. దిగిన పిన్నును మళ్లీ పసుపు వలయం మీదికి తేవాలంటే వింటినే పైకెత్తక తప్పదు! పై లెక్క ప్రకారం 30 మీటర్ల నుంచి 50 మీటర్లకు మారేటప్పుడు పిన్ను దాదాపు 3 సెంటీమీటర్లు దిగాలి.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు మీకే తెలిసిపోయి ఉంటుంది. బాణాలు ఎడమకు పోతున్నాయి. వాటిని కుడికి తేవాలి. అంటే విల్లు కుడికి తిరగాలి. పిన్నును ఎడమకు జరిపితే, దానిని మళ్లీ లక్ష్యం మీదికి తేవడానికి మీరు వింటిని కుడికి తిప్పుతారు. పైకి పోతే పిన్ను పైకి, కిందికి పోతే పిన్ను కిందికి. సూత్రం ఒక్కటే – బాణం ఎటు పోతే పిన్ను అటే!

ఒక్క మిల్లీమీటరు ఎంత దూరం పోతుంది?

ఎంత జరపాలి అన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ మీరు బడిలో నేర్చుకొన్న సరూప త్రిభుజాలు సాయానికి వస్తాయి. మీ కంటికీ పిన్నుకూ మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకొందాం. 30 మీటర్లు దానికి 37.5 రెట్లు. కాబట్టి పిన్ను ఒక మిల్లీమీటరు జరిగితే 30 మీటర్ల దూరంలో గురి 37.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. బాణాలు 15 సెంటీమీటర్లు, అంటే 150 మిల్లీమీటర్లు ఎడమకు పడుతున్నాయా? 150ని 37.5తో భాగించండి. పిన్ను 4 మిల్లీమీటర్లు ఎడమకు జరగాలి.

ఒలింపిక్ దూరమైన 70 మీటర్లకు అదే ఒక్క మిల్లీమీటరు 8.75 సెంటీమీటర్లవుతుంది. అక్కడి లక్ష్యం వ్యాసం 122 సెంటీమీటర్లు, ఒక్కొక్క వలయం వెడల్పు 6.1 సెంటీమీటర్లు. అంటే పిన్ను ఒక మిల్లీమీటరు తప్పితే ఒక వలయం దాటిపోతుంది! ఇదే పొరపాటును ఆదోని నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు దాకా సాగదీస్తే 37 మీటర్లకు పైగా అవుతుంది. మీరొక వీధికి గురిపెడితే మరో వీధికి చేరుతారన్నమాట!

బిగించడంలో మెలకువ

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు. అక్కడ మగ్గం మీద పడుగు పోగులు సమాంతరంగా సాగుతున్నాయా లేదా అని నేతగాడు చూసుకోవడం మీలో కొందరు గమనించే ఉంటారు. పోగులు పక్కకు లాగితే బట్ట వంకర పోతుంది. సైటు పట్టీకీ వింటి నారికీ ఉండవలసిన సంబంధం కూడా ఇదే. రెండూ సమాంతరంగా ఉండాలి.

ఎక్కుపెట్టిన వింటిని కదలకుండా స్టాండులో నిలబెట్టండి. వెనక నిలిచి ఒక కన్ను మూసి, నారి పై లింబునూ, రైజర్‌నూ, కింది లింబునూ సరిగ్గా నడిమికి చీల్చినట్లు కనిపించేదాకా పక్కలకు కదలండి. అలా కనిపించినప్పుడు తల కదపకుండా సైటు పట్టీని చూడండి. అది నారితో సమాంతరంగా ఉందా? లేకపోతే మరలు వదులు చేసి, సరిచేసి, మళ్లీ బిగించాలి. నారి ఎంత ప్రయత్నించినా రెండు లింబుల నడుమ పడకపోతే తప్పు సైటుది కాదు, లింబులది. ముందు వాటిని మీ శిక్షకుని చేత సరిచేయించండి. వంకర గోడకు ఎంత నున్నగా సున్నం కొట్టినా ఏం లాభం?

ఈ సమాంతరం గురించి ఇంత పట్టుదల ఎందుకంటారా? పట్టీ 3 సెంటీమీటర్ల పొడవుకు ఒకే ఒక మిల్లీమీటరు పక్కకు వాలిందనుకోండి. 30 మీటర్లలో మీ గురి చక్కగా ఉంటుంది. 50 మీటర్లకని పిన్నును 3 సెంటీమీటర్లు దించగానే అది ఒక మిల్లీమీటరు పక్కకు కూడా పోతుంది. బాణం 6 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. కారణం తెలియక మీరు చేతినీ, గాలినీ, చివరికి అదృష్టాన్నీ తిట్టుకొంటారు!

ఆ తరువాత బాణాన్ని వింటికి తొడిగి, మళ్లీ వెనక నుంచి చూసి, పిన్నును సుమారుగా బాణం గీతకు నేరుగా పైన ఉంచండి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు చోటును బాణాలే చెబుతాయి.

సరిచేయడంలో ఓర్పు

మొదట 10 మీటర్ల దగ్గరలో పెద్ద లక్ష్యం పెట్టుకోండి. దగ్గరలో ఎంత తప్పినా బాణం లక్ష్యం దాటిపోదు. ఆరు బాణాలు వేయండి. ఆరింటికీ పిన్నును పసుపు మధ్యనే నిలపండి. మొదటి బాణం ఎడమకు పోయిందని రెండో దానికి మీరే కాస్త కుడికి చూస్తే లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు లక్ష్యం దగ్గరకు వెళ్లి చూడండి. ఆరు బాణాలూ ఒక గుంపుగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా? చెదిరి ఉంటే సైటును ముట్టుకోవద్దు. అది చెయ్యీ గడ్డమూ ఒకే తీరున లేకపోవడం వల్ల వచ్చిన తప్పు. దానిని ఏ మరా సరిచేయలేదు. గుంపుగా ఉంటే, పసుపుకు ఎంత దూరాన ఉన్నా సరే, సంతోషించండి! ఆ గుంపు నడిమి చోటును కొలిచి, లెక్క కట్టి, పిన్నును అటే జరపండి. ఒక్క బాణాన్ని నమ్మి పిన్నును జరిపేవాడు రోజంతా జరుపుతూనే ఉంటాడు.

10 మీటర్లు కుదిరాక 20, 30 మీటర్లకు వెళ్లండి. ప్రతి దూరానికీ పట్టీ మీది అంకెను నోటుపుస్తకంలో రాసుకోండి. బడిలో ఒకే విల్లును అయిదారుగురు పంచుకొంటుంటే ఈ పుస్తకం మరీ అవసరం. ఒకరి కంటికీ గడ్డానికీ ఉన్న ఎడం మరొకరికి ఉండదు. ఒకరు నారిని లాగినంత మరొకరు లాగలేరు. కాబట్టి మీ స్నేహితుని అంకె మీకు పనికిరాదు. ఎవరి పేజీ వారిదే. మీ వంతు రాగానే మీ అంకెకు పిన్నును తెచ్చుకొంటే సరి.

ఒక హెచ్చరిక. ఈ పనులన్నీ శిక్షకుని ఎదుటే చేయండి. లక్ష్యం వైపు తప్ప మరెటూ బాణం ఎక్కుపెట్టవద్దు. అందరూ వేయడం ముగిసేదాకా ఎవరూ గీత దాటకూడదు. బాణం లేకుండా నారిని లాగి వదిలితే లింబులు విరగవచ్చు.

పారిస్‌లో ఒక బాణం

విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విలుకాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచిన భారత పురుషుల రికర్వ్ జట్టులో ఆయన ఒకరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పోటీలో కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్‌తో తలపడ్డారు. అయిదు సెట్లు ముగిసేసరికి ఇద్దరూ 5–5తో సమంగా నిలిచారు. ఇక ఒక్కొక్క బాణమే తేల్చాలి. ఇద్దరి బాణాలూ పదిలోనే దిగాయి! పీటర్స్ బాణం నడిమికి మరికాస్త దగ్గరగా ఉండడంతో గెలుపు ఆయనదయింది.

70 మీటర్ల దూరాన ఆ పది వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే. ఆ వలయంలో సగం దూరం బాణం జరగాలంటే సైటులో పిన్ను ఒక మిల్లీమీటరైనా జరగనక్కరలేదు. విలుకాండ్రు పోటీకి ముందు మరలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకొనేది ఇందుకే.

ఇంట్లో చేసి చూడండి

విల్లు లేకపోయినా ఈ సూత్రాన్ని మీరు పరీక్షించవచ్చు. గోడ మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, సరిగ్గా 8 మీటర్ల దూరాన కూర్చోండి. కంటికి 80 సెంటీమీటర్ల ముందు ఒక స్కేలును బల్ల మీద అడ్డంగా నిలబెట్టండి. ఒక కన్ను మూసి, స్కేలు మీది ఒక సెంటీమీటరు గీత చుక్కకు తగిలేలా తల నిలపండి. తల కదపకుండా, పక్క సెంటీమీటరు గీత గోడ మీద ఎక్కడ తగులుతున్నదో స్నేహితుని చేత గుర్తు పెట్టించండి. రెండు గుర్తుల మధ్య దూరం ఎంత ఉండాలో ముందే లెక్క కట్టి, తరువాత కొలవండి. తేడా వచ్చిందా? అయితే కదిలింది స్కేలు కాదు, మీ తల! వెనక గురి ఎంత ముఖ్యమో అప్పుడు మీకే తెలుస్తుంది.