నిలువ నీడలేని యువత కథకు ఒక్క నటుడు చాలా?

తెలుగువారికి ఏకపాత్రాభినయం కొత్త కాదు. బడి వార్షికోత్సవంలో గద భుజాన వేసుకుని మయసభ దుర్యోధనుడిగా గర్జించే పిల్లవాడు మనందరికీ తెలుసు. ఈ ప్రక్రియ ఇంకో దారి కూడా పట్టింది. ఇల్లు వదిలిన కుర్రాళ్ల గురించి, మానసిక జబ్బుతో నలిగే కుటుంబాల గురించి ఒక్కరే నిలబడి చెప్పే నాటకాలు ప్రపంచమంతటా ఆడుతున్నాయి. పాతికమంది నటులకు సాధ్యం కానిది ఒక్కరికి ఎలా సాధ్యమవుతోంది?

ముందు సమస్య సంగతి చూద్దాం. నిలువ నీడలేని యువత అనగానే ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లే గుర్తొస్తారు. నిజానికి చాలామంది మన కంట పడరు. ఈ వారం స్నేహితుడి గదిలో, పై వారం దూరపు బంధువు వరండాలో, ఆ తర్వాత రైల్వే స్టేషన్లో తలదాచుకుంటారు. అమెరికాలో చేపిన్ హాల్ అనే పరిశోధన సంస్థ 2017లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, అక్కడ 18–25 ఏళ్లవారిలో పదిమందికి ఒకరు ఏడాదిలో ఏదో ఒక రూపంలో ఈ అవస్థ పడ్డారు. మానసిక జబ్బు కొందరిని వీధిలోకి నెడుతుంది. వీధి బతుకు మరికొందరికి జబ్బు తెచ్చిపెడుతుంది. కంటినిండా నిద్ర ఉండదు, భయం వదలదు, వేళకు మందు పడదు.

అలాంటి కుర్రాడికి చెప్పేవాళ్లు చాలామంది: నాన్న, హాస్టల్ వార్డెన్, పోలీసు, డాక్టరు. వినేవాళ్లే ఉండరు. ఆ గొంతులన్నీ వేదికపై ఒకే నటుడిలోంచి పలికినప్పుడు, అవి ఆ కుర్రాడి తలలో ఎలా హోరెత్తుతున్నాయో ప్రేక్షకుడికి తెలిసొస్తుంది. పక్కన మరో పాత్ర లేదు కాబట్టి ఒంటరితనాన్ని వేరే సంభాషణతో చెప్పాల్సిన పనీ ఉండదు.

ఇందులో ఒక పద్ధతి అమెరికన్ నటి అన్నా డీవియర్ స్మిత్‌ది. పేద పిల్లలు బడి నుంచి జైలుకు చేరే తీరుపై 'నోట్స్ ఫ్రమ్ ద ఫీల్డ్' కోసం ఆమె రెండు వందలమందికి పైగా మనుషులను మాట్లాడించారు. వారిలో కొందరి మాటలను తడబాట్లతో సహా ఉన్నవి ఉన్నట్టు తానే వేదికపై పలికారు.

రెండో పద్ధతికి బ్రిటన్ రచయిత డంకన్ మాక్‌మిలన్ 'ఎవ్రీ బ్రిలియంట్ థింగ్' మంచి ఉదాహరణ. తల్లి ఆత్మహత్యకు ప్రయత్నించిందని తెలిసిన ఏడేళ్ల పిల్లవాడు, బతకడానికి తగిన మంచి సంగతులన్నిటి జాబితా రాయడం మొదలుపెడతాడు. నటుడు ఆట మొదలవక ముందే ప్రేక్షకులకు అంకెలు వేసిన చీటీలు పంచుతాడు. తను ఒకటో అంకె పిలవగానే ఎక్కడో వెనక వరసలోంచి ఒకరు లేచి "ఐస్‌క్రీమ్" అంటారు. ఇంకొకరు తండ్రి అవుతారు, వేరొకరు బడిలో కౌన్సెలర్ అవుతారు. చూడటానికి వచ్చినవాళ్లే ఆ పిల్లవాడి చుట్టూ మనుషులవుతారు. మన దేశంలో క్వాసర్ ఠాకోర్ పదమ్సీ దర్శకత్వంలో వివేక్ మదన్ ఈ నాటకం ఆడారు.

ఈ ప్రక్రియలో ప్రమాదమూ ఉంది. బాధను మాత్రమే చూపిస్తే ప్రేక్షకుడు కళ్లు తుడుచుకుని ఇంటికి పోతాడు, పాత్ర జాలికి వస్తువుగా మిగులుతుంది. మంచి నాటకంలో ఆ కుర్రాడికి కోపం ఉంటుంది, సరదా ఉంటుంది, అబద్ధాలాడే తెలివీ ఉంటుంది. ఏ తలుపు ఎవరు, ఎందుకు మూశారో కూడా తెలుస్తుంది. ఆత్మహత్య ప్రస్తావన వస్తే, ఎలా చేసుకున్నారన్న వివరంలోకి అది పోదు. ఆట ముగిశాక మాట్లాడటానికి ఒక కౌన్సెలర్‌ని అందుబాటులో ఉంచడం నిర్వాహకుల కనీస బాధ్యత.

మన కాలేజీ నాటక బృందాలకు ఇక్కడ రాయాల్సిన కథలు చాలా ఉన్నాయి. 18 ఏళ్లు నిండి బాలల గృహం గడప దాటే పిల్లల కథ ఒకటి చాలు. అలాంటివారికి 21 ఏళ్లదాకా ఆసరా ఇవ్వవచ్చని 2015 బాల న్యాయ చట్టం చెబుతోంది. ఇల్లూ వాకిలీ లేని మానసిక రోగులకు ఉచిత వైద్యం హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. దిక్కుతోచక తిరిగే రోగిని లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలని పోలీసులను అదే చట్టం ఆదేశించింది. ఈ హక్కులు పదిమందికీ తెలిసేలా వేదికనెక్కించండి. మీకు తెలిసినవారెవరైనా మనసు బాగోక సతమతమవుతుంటే, టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 వారి చేతికివ్వండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.