వ్రేలు తీసినను బొమ్మ ఏల నడచును?

వీడియోగేము కంట్రోలరు జాయ్‌స్టిక్కుపైనుండి బొటనవ్రేలు తీసివేసినను తెరమీఁది వీరుఁడు తనంత తానే ప్రక్కకు జరుగుటను డ్రిఫ్ట్ అందురు. జాయ్‌స్టిక్కు అడుగున, అడ్డమునకొకటి నిలువునకొకటిగా, పొటెన్షియోమీటరులు రెండుండును. స్టిక్కును త్రిప్పినపుడెల్ల, వానియందలి కర్బనపు పూఁతమీఁద చిన్న లోహపు రేకు రాచుకొనుచు కదలఁగా, అది నిలిచిన చోటునుబట్టి మాఱు వోల్టేజినే యంత్రము దిశగా గ్రహించును. వేలమార్లు రాచుకొని పూఁత యరిగి, రాలిన పొడి రేకుక్రింద చేరి, మధ్యస్థానపు వోల్టేజి తప్పినచో, కదలని స్టిక్కును కదలినట్లే లెక్కకు వచ్చును. స్టిక్కును మధ్యకు మరలించు స్ప్రింగు సడలినను ఇంతే.

కేంద్రముచుట్టు స్వల్పచలనమును లెక్కింపని ‘డెడ్ జోన్’ను పెంచుట ఉపశమనమే కాని చికిత్స కాదు, సున్నితమైన గురి దానివలన చెడును. ఈ యరుగుదల లేని మార్గమును కలదు: 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనిన సూత్రము ననుసరించి, అయస్కాంతచలనమును తాఁకకయే పసిగట్టు సెన్సారులు 1998 నాఁటి సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలరులోనే యుండెను. వానియందు అరుగుటకు పూఁతయే లేదు. ఇంత పాత మేలు నేఁటికిని పెక్కు కంట్రోలరులకు అందకుండుట విచారకరము.