ఇంజనులోకి నీటి పిచికారీ: బలమా? ముప్పా?

వరదనీటిలో మునిగిన ట్రాక్టరును అలాగే స్టార్టు చేయరాదని మెకానిక్కులు చెబుతారు. సిలిండరులో నీరు నిండితే పిస్టను దానిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోయి వేలకు వేలు ఖర్చవుతుంది. అటువంటిది, నడుస్తున్న కారు ఇంజనులోకి కావాలనే నీటిని పంపే పద్ధతి ఒకటి ఉన్నదంటే ఆశ్చర్యం కలుగక మానదు. విదేశాలలో సూపర్‌చార్జరు బిగించిన కార్లకు ఈ ఏర్పాటు చేసుకునేవారున్నారు.

పెట్రోలు మండడానికి గాలి కావాలి. మామూలు ఇంజను తాను పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకుంటుంది. సూపర్‌చార్జరు అనేది ఇంజను బెల్టుతో తిరిగే గాలి పంపు. ఇది గాలిని కుక్కి లోపలికి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండించవచ్చు, బలమూ పెరుగుతుంది. లారీలలో, పెద్ద ట్రాక్టర్లలో ఉండే టర్బో చేసేదీ ఇదే పని. కాకపోతే అది బెల్టుతో గాక ఇంజను వదిలే పొగ వేగంతో తిరుగుతుంది.

చిక్కు ఎక్కడ?

సైకిలుకు గాలి కొట్టిన తరువాత పంపు అడుగున చేయి పెడితే చురుక్కుమంటుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది గనుక. సూపర్‌చార్జరులోనూ ఇదే జరుగుతుంది. ఆ వేడికి, స్పార్కు ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే మిగిలిన పెట్రోలు గాలి తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే 'నాకింగ్' అంటారు. ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు శబ్దం వస్తుంది. అలాగే నడిపితే పిస్టనుకు చిల్లు పడవచ్చు.

మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడ ఆదుకుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కెలోరీల వేడిని లాగుకుంటుంది. అంతే బరువు పెట్రోలు లాగుకునే దానికి ఇది దాదాపు ఆరు రెట్లు. పొగమంచు వంటి తుంపర లోపలికి వెళ్లగానే ఆవిరై మంటగదిని చల్లబరుస్తుంది. నాకింగ్ ఆగుతుంది.

యుద్ధ విమానాల నుంచి కార్లకు

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. అమెరికా వారి థండర్‌బోల్ట్ విమానపు ఇంజను బలం 2,000 గుర్రాల నుంచి నీటి పిచికారీతో సుమారు 2,300కు చేరింది. జర్మన్లు నీటిని, మిథనాలును దాదాపు సగం సగం కలిపి వాడారు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 'జెట్‌ఫైర్' అనే టర్బో కారుకు ఇటువంటి ద్రవంతోనే ఏర్పాటు చేసింది. ఆ సీసాను ఎప్పటికప్పుడు నింపుకోవడం యజమానులకు తలనొప్పి అయింది. 1963తో ఆ కారు ఆగిపోయింది. మళ్లీ 2016లో జర్మనీ బి.ఎం.డబ్ల్యు. కంపెనీ ఎం4 జి.టి.ఎస్. అనే కార్లను పరిమిత సంఖ్యలో 5 లీటర్ల నీటి తొట్టితో తయారుచేసింది. మామూలు ఎం4 బలం 431 గుర్రాలు కాగా దీనిది 500.

బిగించడం ఎలా?

సామాను తక్కువే. నీటి తొట్టి, కరెంటు పంపు, ఫిల్టరు, ఒత్తిడికి తట్టుకునే సన్నని గొట్టం, కవాటం, నాజిలు, గాలి ఒత్తిడిని చూసి పనిచేసే స్విచ్చి ఉంటే చాలు. నాజిలు అనగా పురుగుమందు స్ప్రేయరు మూతి వంటిదే. అయితే రంధ్రం ఇంకా సన్నగా ఉంటుంది. దీనిని సూపర్‌చార్జరు దాటిన తరువాత, ఇంటర్‌కూలరు ఉంటే దానిని కూడా దాటిన తరువాత గాలి గొట్టానికి బిగిస్తారు.

ఇంజను మామూలుగా నడిచేటప్పుడు నీరు వెళ్లకూడదు. సూపర్‌చార్జరు గాలిని గట్టిగా నెట్టేటప్పుడే స్విచ్చి పంపును నడపాలి. నీరు పెట్రోలులో 10 నుంచి 20 శాతం ఉంటే సరిపోతుంది. మించితే మంట మందగించి ఇంజను తడబడుతుంది. అందుకే మొదట చిన్న నాజిలుతో మొదలుపెడతారు. ఇంజను తీరు చూసిన తరువాతనే స్పార్కు సమయాన్ని కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు.

కవాటాన్ని చిన్నచూపు చూడరాదు. అది లేకుంటే ఇంజను పీల్పుకు తొట్టిలోని నీరు దానంతటదే లోపలికి కారవచ్చు. అప్పుడు వరదలో మునిగిన ట్రాక్టరు గతే పడుతుంది. ఇక తొట్టి ఖాళీ అయితే మరో ప్రమాదం. నీటిని నమ్ముకొని బలం పెంచిన ఇంజనుకు నీరు అందకపోతే క్షణాలలో పిస్టను పోవచ్చు. కనుక తొట్టి అడుగంటగానే గాలి ఒత్తిడిని తగ్గించే ఏర్పాటు తప్పనిసరి.

బోరు నీరు అసలు పనికిరాదు. దానిలోని సున్నం నాజిలును మూసివేస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డు వాటరే వాడాలి. మిథనాలు జోలికి పోకుండా ఉంటేనే మేలు. అది కల్తీసారాలో కలిసి ప్రాణాలు తీసే విషం. ఒంటి మీద పడినా లోపలికి ఇంకుతుంది. పట్టపగలు దాని మంట కంటికి సరిగా కనబడదు కూడా.

నీరు ఇంధనం కాదు

ఈ కబురు విని, నీటితోనే కారు నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మరాదు. నీరు మండదు, వేడిని తగ్గిస్తుంది, అంతే. మూలికలతో నీటిని పెట్రోలుగా మారుస్తానని 1996లో తమిళనాడులో ఒక వ్యక్తి దేశాన్నంతా నమ్మించబోయాడు. 2016లో చెన్నై కోర్టు ఆయనకు 3 సంవత్సరాల జైలుశిక్ష విధించింది.

మన పల్లెల్లో తిరిగే మామూలు కార్లకు ఈ ఏర్పాటు వల్ల ఒరిగేది లేదు. నాకింగ్ లేని ఇంజనుకు నీరు పోయడం రోగం లేనివాడికి మందు పోయడమే. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదు. యంత్రాల మీద మక్కువ ఉన్న యువకులు ఈ విద్యను నేర్చుకోదలిస్తే షెడ్డులో పాత ఇంజను మీద నేర్చుకోవచ్చు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి మీద మాత్రం ప్రయోగాలు వద్దు.