ఆర్సీలో లేనిది బండి మీద ఉంటే

ఐదు వేల రూపాయలు. కంపెనీ చేసి ఇచ్చిన బండిని అనుమతి లేకుండా మార్పించిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఎ(4) సెక్షన్ చెప్పే జరిమానా ఇది. చాలామంది ఈ అంకె విని, ఇంతేనా అనుకుంటారు. దాని వెంటే చట్టంలో ఇంకో మాట ఉంది: ఒక్కో మార్పుకు. అంటే మూడు మార్పులుంటే 15 వేలు. 6 నెలల దాకా జైలు కూడా పడవచ్చు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ ఇది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద తిరిగే ఒక బొలెరోను ఊహించుకుందాం. ముందు ఇనుప గార్డు, వెడల్పాటి టైర్లు, ఎక్కువ వాట్ల బల్బులు, అద్దాలకు నల్ల ఫిల్మ్. పడమటి కర్నూలులో ఇలాంటి బండి వింతేమీ కాదు.

గార్డు బిగించుకోవడానికి మనవాళ్లకు కారణం ఉంది. రాత్రిపూట ఎద్దో బర్రో అడ్డొస్తే బండి ముందుభాగం నుజ్జవుతుందని భయం. కానీ ఆ ముందుభాగాన్ని నలిగేలాగే తయారుచేస్తారు. అది నలుగుతూ దెబ్బను తాను తీసుకుంటుంది. ఛాసిస్‌కు బిగించిన గార్డు ఆ దెబ్బను నేరుగా లోపల కూర్చున్నవాళ్ల మీదికి పంపుతుంది, ఎయిర్‌బ్యాగులు సమయానికి విచ్చుకోకుండా చేయగలదు. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి రోడ్డు పక్కన నడిచిపోయే భక్తుడికి ఆ ఇనుప గొట్టం తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఈ గార్డులను తీయించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. నా దృష్టిలో ఈ నాలుగింటిలో మొదట విప్పించాల్సింది ఇదే.

టైర్ల లెక్క కాగితం మీద వేసి చూడొచ్చు. 215/75 ఆర్15 టైరు మొత్తం ఎత్తు 703.5 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 733.5. తేడా 4.3 శాతం. మీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 83 దాటి పోతుంటుంది. బల్బులదీ ఇదే కథ. 60 వాట్ల బల్బులు రెండూ కలిసి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు లాగితే, 100 వాట్లవి దాదాపు 17 లాగుతాయి. కంపెనీ వేసిన వైరింగు ఆ భారానికి చేసింది కాదు. ఎదురొచ్చేవాడి కళ్లు చెదరడం సరేసరి.

ఫిల్మ్ సంగతి 2012 ఏప్రిల్ 27నే సుప్రీంకోర్టు తేల్చింది. నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి. అది కంపెనీ అద్దానికే ఉండాలి తప్ప తర్వాత ఏ ఫిల్మూ అతికించకూడదని ఆనాటి తీర్పు. 2021లో నిబంధన మారిందంటూ 2024లో కేరళ హైకోర్టు కొంత సడలించినా, 70, 50 అంకెలు కదల్లేదు. నల్ల ఫిల్మ్‌కు ఆ తీర్పులోనూ చోటు లేదు.

వీటన్నిటికీ మూలం 52వ సెక్షన్. ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ మొదట చెప్పిన వివరాలతో కలవాలి. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం దీన్నే గట్టిగా చెప్పింది. బండి ఆకారం, నిర్మాణం మార్చకూడదు. రంగు మార్చుకోవచ్చు, అయితే ఆర్సీలో ఎక్కించాలి. పాత డిస్పోజల్ జీపులు కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిందొకటి: ఆలివ్ గ్రీన్ రంగు సైన్యానికి మాత్రమే. అనుమతి లేకుండా మార్పు జరిగిపోయినా 14 రోజుల్లోగా యజమాని రవాణా శాఖకు తెలపాలి. బండి ఫైనాన్సులో ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుదల లేనిదే మార్పులు చేయించొద్దు.

చలానా కంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సులో తగులుతుంది. చెప్పకుండా చేసిన మార్పు వల్ల ప్రమాదం జరిగిందని తేలితే, సొంత బండి నష్టానికి కంపెనీ కోత పెట్టవచ్చు, పూర్తిగా కాదనవచ్చు. 8 లక్షల బండి తుక్కయితే ఆ భారమంతా ఇంటి మీదే. చెప్పి చేయిస్తే ఖర్చు తక్కువ. సీఎన్‌జీ కిట్టుకు పాత టారిఫ్ లెక్కన కిట్టు ధరలో 4 శాతం అదనపు ప్రీమియం. 60 వేల కిట్టుకు ఏడాదికి 2,400. కిట్టు ఆమోదం పొందినదై ఉండాలి, ఇంధనం మార్పు ఆర్సీలోకి ఎక్కాలి. సిలిండరును 3 ఏళ్లకోసారి పరీక్ష చేయించాలి. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాసు బండను వ్యానులో పెట్టి నడపడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు. అది ప్రాణాంతకం.

చట్టం అన్ని తలుపులూ మూయలేదు. కాళ్లు పనిచేయనివాళ్లు చేత్తో బ్రేకు, యాక్సిలరేటరు వాడేలా కారును మార్పించుకోవచ్చు, దానికి రవాణా శాఖ అనుమతి ఇస్తుంది. పోలియో సోకినవాళ్లు, ప్రమాదంలో కాలు పోయినవాళ్లు ఈ దారి తెలియక కారు నడపలేమనే అనుకుంటూ ఉండిపోతున్నారు. అలాంటివాళ్లు మీకు తెలిసి ఉంటే, మెకానిక్కు దగ్గరికి వెళ్లకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టరును కలవమని చెప్పండి.