వాసన మీటర్ పక్క చేను మందును పట్టగలదా?

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ప్రకృతి పద్ధతిలో కూరగాయలు, పూలు పండించేవాళ్లు తరచుగా అడిగే మాట ఇది: "పక్క చేనుల మందు కొడితే ఘాటు వాసన మా మడి దాకా వస్తది. గాలిని కొలిచే మీటర్ కొంటే మా పంట మీద మందు పడిందో లేదో తెలుస్తదా?"

తెలియదు. ఎందుకో చూద్దాం.

కర్బనం ఉండి, మామూలు వేడికే ఆవిరయ్యే పదార్థాలను వీఓసీలు అంటారు. పెట్రోల్ బంకు వాసన, కొత్త పెయింట్ వాసన, తులసి, గులాబీ పరిమళం అన్నీ ఇవే. మనం పెట్టే లింగాకర్షక బుట్టలోని ఎర కూడా వీఓసీయే. అది కొన్ని మిల్లీగ్రాములే ఉంటుంది. మగ రెక్కల పురుగు దాన్ని పసిగడుతుంది కానీ మన మీటర్‌కు అందదు.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే మీటర్లలో వేడిగా ఉండే చిన్న లోహ ఆక్సైడ్ పొర ఉంటుంది. ఆవిర్లు తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే అంకెగా కనిపిస్తుంది. వీడియోలో చూశారు కదా, జీవామృతం డ్రమ్ము మూత తీసి పక్కన పెట్టగానే అంకె ఎగబాకింది. అది విషం కాదు. బెల్లం పులిస్తే వచ్చే ఆల్కహాల్, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా. అమ్మోనియా అసలు వీఓసీ కాదు, అయినా మీటర్ లెక్కేస్తుంది. గాలిలో తేమ మారినా అంకె మారుతుంది. ఎంత ఉందో ఉజ్జాయింపుగా చెబుతుంది కానీ, ఏముందో చెప్పదు. అతినీలలోహిత దీపంతో పనిచేసే ఖరీదైన పీఐడీ మీటర్‌దీ అదే తీరు.

పేరు తెలియాలంటే చిన్న పంపుతో గాలిని పీల్చి, ఆవిర్లను పట్టుకునే గొట్టంలో నింపి, ల్యాబ్‌లో జీసీ-ఎంఎస్ యంత్రం మీద విడదీయాలి. 2009 నాటి మన జాతీయ ప్రమాణం ప్రకారం గాలిలో బెంజీన్ ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటొద్దు. అంటే వంద కోట్ల పాళ్ల గాలిలో సుమారు ఒకటిన్నర పాలు. చేతి మీటర్‌తో తేలే లెక్క కాదిది.

ఇక అసలు సంగతి. క్లోరిపైరిఫాస్ 20 ఇసి అంటే అందులో మందు 20 శాతమే. మిగతాది ఎక్కువగా ద్రావకం, నీళ్లలో కలవడానికి వేసే పదార్థాలు. ముక్కుకు తగిలే ఘాటులో ద్రావకం పాలే ఎక్కువ. అది గంటల్లో ఎగిరిపోతుంది, మీటర్ కిందికి దిగుతుంది. ఆకు మీద పడిన మందు మాత్రం రోజుల తరబడి ఉండొచ్చు. నీళ్లలో కలిపే పొడి మందులైతే వాసన పెద్దగా రాదు, మీటర్ కదలనే కదలదు. అందుకే అంకె తగ్గిందని కూర కోసి అమ్మితే కొనేవాళ్లకు మనమిచ్చిన మాట పోతుంది.

మరి మీటర్ దండగేనా? ఫ్యాక్టరీ వాసన, చెత్త తగలబెట్టిన పొగ లాంటివాటికి పనికొస్తుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలను ఆపింది. అందులో మొయినాబాద్ ఊళ్లు చాలా ఉన్నాయి, చేవెళ్లవి కొన్ని. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. బీజాపూర్ రోడ్డు మీద బండ్లు ఎట్లాగూ పెరుగుతున్నాయి. ఇప్పటి నుంచే వాసన వచ్చిన తేదీ, సమయం, గాలి దిక్కు రాసిపెట్టుకుంటే రేపు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది.

పక్క చేను మందుకైతే గట్టు వెంట జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా మూడు నాలుగు సాళ్లు వేయండి. గాలి మీ చేను వైపు వీచనప్పుడు కొట్టమని పక్క రైతును అడగండి. అనుమానం తీరకపోతే గాలిని కాదు, ఆకును పరీక్షకు పంపండి. గట్టు పక్క ఆకు ఒక సంచిలో, మడి నడుమ ఆకు ఇంకో సంచిలో వేసి, చల్లగా ఉంచి, ఆలస్యం కాకుండా అవశేషాల ల్యాబ్‌కు చేర్చాలి. పక్కాయన కొట్టిన మందు పేరు డబ్బా మీద చూసి రాసివ్వండి. ల్యాబ్ వాళ్లు తమ జాబితాలో ఉన్న మందులనే వెతుకుతారు, ఆ పేరు అందులో ఉందో లేదో డబ్బు కట్టే ముందే అడగాలి.