రూతు చెప్పిన కథ, మామ్మ చెప్పని కథ

ఒడిశా గంజాం జిల్లాలోని మా ఊరు కొడలలో నా బడి చదువంతా ఒడియాలోనే సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం పట్టుకుని పాడీ పాడీ వచ్చాయి. అందులోని పురుషోత్తమ చౌదరిగారి పాటలంటే మా ఇంట్లో ప్రాణం. ఆయన మా గంజాం మనిషే. 1803లో పర్లాకిమిడి తాలూకా మదనపురంలో బెంగాలీ బ్రాహ్మణుల ఇంట పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. కులాన్ని నిలదీస్తూ ‘కులాచార పరీక్ష’ రాశారు. ఆయన తల్లిదండ్రులెవరో, ఊరేదో చరిత్రలో ఉంది. ఆ పాటలే పాడుకున్న మాల, మాదిగ ఇళ్ల సంగతి?

మా ఇంటి బైబిలు అట్ట లోపల తాతయ్య బాప్తిస్మం నుంచే పేర్లు మొదలవుతాయి. ఆయన నాన్న పేరు లేదు. అంతకుముందు మనది ఏ ఊరని అడిగితే, “అవన్నీ ఇప్పుడెందుకే, అన్నం తిను” అనేది మామ్మ.

ఇలాంటి ఇళ్ల మౌనాన్ని విప్పిన నవల జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’. 2000లో వచ్చింది. కథంతా రూతు జ్ఞాపకాల్లోంచి నడుస్తుంది. ఆమె భర్త రూబేను మిషన్ నీడన పెరిగినవాడు. తనవాళ్లెవరో వెతుక్కుంటూ ఎన్నెలదిన్ని వెళ్తాడు. తాత ఎల్లన్న పాటలు కట్టిన కళాకారుడని తెలుస్తుంది. దాచిపెట్టారంటే ఏదో తప్పే ఉంటుందనుకుంటాం. ఇక్కడ దాగి ఉన్నది ఒక గొప్ప పాటగాడి జీవితం, అతన్ని ఊరిబయట ఉంచిన అంటరానితనం. రూబేను తండ్రి శివయ్య కరువుకు తట్టుకోలేక బకింగ్‌హామ్ కాలువ పనికి పోతే, అక్కడా కులం అడిగి తరిమేస్తారు.

ఆ కాలువ, ఆ కరువు నిజమైనవే. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని ఇచ్చాడు. అన్నానికి ఆశపడి చేరారన్న మాట రాకూడదని, కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా ఆ నింద పోలేదు. మామ్మ లాంటివాళ్లు నోరు మూసుకున్నది దానికి జడిసే అని నా నమ్మకం. కడుపు మాడినవాడి ప్రార్థన కూడా ప్రార్థనే. కల్యాణరావు ఆ ఆకలినీ విశ్వాసాన్నీ విడదీయలేదు. మతం మారినా కులం వెంటాడిందనీ దాచలేదు.

మా వైపు నుంచి కూడా ఇలాంటి నవల రావాలి. ఒడిశా బాప్టిస్టు మిషన్‌లో మొదటి విశ్వాసి ఎరున్ తెలుగువాడు. 1827 క్రిస్మస్ నాడు బరంపురంలో బాప్తిస్మం పొందాడు. ఆ సాయంత్రం అతని ఇంట్లో ఎవరు తలుపు తీశారు, ఎవరు మొహం తిప్పుకున్నారు? 1866 కరువులో తల్లీతండ్రీ పోయి బరంపురం మిషన్‌లో పెరిగిన పిల్లలు తమ పిల్లలకు ఏ ఊరి పేరు చెప్పారు? ఇవి రాయగలిగినవాళ్లు గంజాంలో తెలుగు మాట్లాడే ఇళ్లలోనే ఉన్నారు. మా సంఘంలో ఎనభై దాటిన పెద్దమ్మలు ఇంకా ఉండగానే ఎవరైనా ఆ పని మొదలుపెట్టాలి.