తొలివాన వాసన సీసాలో పడితే...

కార్తీకం వస్తోందంటే మా జువ్వలదిన్నెలో అందరి చూపూ ఆకాశం మీదే. మా నెల్లూరు తీరానికి గట్టి వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలే మరి. తొలి చినుకు పడగానే లేచే మట్టివాసన ముందు ఏ సెంటూ నిలవదనుకునేదాన్ని. పోయిన నెల మా ఆడపడుచు చార్మినార్ దగ్గర కొన్న చిన్న అత్తరు సీసా తెచ్చింది. గులాబీ, పచౌలీ కలిపిందట. మూత తీస్తే మొదట గులాబీ. కాసేపటికి తడిమట్టి, ఎండుటాకులు, పాత చెక్కపెట్టె గుర్తొచ్చే వాసన!

నిజం చెప్పొద్దూ, నాకూ సెంటుకూ పాత పేచీ ఉంది. మాది చేపల ఇల్లు. కావలిలో డిగ్రీ చదివేటప్పుడు ఓరోజు బస్సులో నా పక్కనున్న అమ్మాయి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లేచిపోయింది. ఆనాటి నుంచి చవక సెంటు ఒంటినిండా కుమ్మరించుకునేదాన్ని. రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరం!

ఇంతకీ పచౌలీ అంటే ఏమిటో తెలుసా? తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన మొక్క. తమిళంలో పచ్చని ఆకును ‘పచ్చై ఇలై’ అంటారు. ఆ మాటే ఇలా మారిందని చెబుతారు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలను ఓడల్లో ఐరోపాకు పంపేటప్పుడు పురుగు పట్టకుండా మడతల్లో ఈ ఆకులు వేసేవారు. మనం బీరువాలో వట్టివేరు పెట్టుకోవడంలాంటిదే. ఎండిన ఆకులకు ఆవిరి పట్టించి నూనె తీస్తారు. అది నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి త్వరగా పోయే పూలవాసనను పట్టి ఉంచుతుంది.

కిలో గులాబీ నూనెకు సుమారు 3 నుంచి 4 టన్నుల పూలు కావాలి. మరి చవక అత్తరులో అసలు గులాబీ ఎంతుంటుందో మీరే ఆలోచించండి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అయితే కాల్చిన మట్టిని రాగిపాత్రల్లో నీళ్లతో కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి ‘మిట్టీ అత్తర్’ చేస్తారు.

కొనేముందు మణికట్టుకు ఒక చుక్క రాసుకుని అరగంట ఆగండి. అసలు వాసన అప్పుడు తెలుస్తుంది. దురద, మంట వస్తే వాడొద్దు. చెవి వెనక, మణికట్టు మీద ఒక్కో చుక్క చాలు. పట్టుచీర మీద వేస్తే మరక పడుతుంది. సీసాను ఎండ తగలని చోట ఉంచండి.

నిన్న అది రాసుకుని పెరట్లోకి వెళ్లాను. చేపలు ఎండేస్తున్న అమ్మ ఉలిక్కిపడి లేచింది.

“ఏందిమే, వానొస్తా ఉందా? చేపలన్నీ తడిసిపోతాయే!”

నవ్వు ఆపుకోలేక ఆమె చేతికీ ఒక చుక్క రాశాను. వాసన చూసుకుని, “బాగానే ఉందిలే. కానీ నా చేతుల వాసన పోగొట్టబాకమ్మా. నీ చదువు ఈ వాసనలోంచే గదా వచ్చింది” అంది.

ఆ బస్సులో లేచిపోయిన అమ్మాయి మీద ఇన్నేళ్లకు నాకు కోపం పోయింది.